పొద్దు గుంకని దేశంల కీక్రి

అడగకుండ ఉండాల్సిన మాట ఒకటి అడిగిన. జన్నత్ బీ చాయ్ హోటల్ల, నలుగురి ముందట, ఒక ముసలాయన మొఖం మీద. ఎందుకు అడిగిన్నో చెప్పాలంటే ముందు ఆయన చెప్పింది చెప్పాలె, అది కూడ ఆయన చెప్పినట్టే. లేకుంటే నేను చేసింది ఎంత తప్పో మీకు తెల్వదు.

మాది కాసిపేట అవతల అడివి అంచుకు గోండుల గూడెం. మా తాత భీము పోయి రెండేండ్లు. మా దాంట్ల ఒక మనిషి పోయినంక, ఆఖరి విందు నాడు, ఆ ఇంటి ప్రధాన్, అంటె ఆ ఇంటికి పాట పాడే కులపాయన, వచ్చి కీక్రి వాయించాలె. కీక్రికి మూడు తీగెలు, గుర్రం తోక వెంట్రుకల కమాను. గీస్తె మనిషి గొంతు లెక్కనే పలుకుతది. అది వింటెనే పోయినోళ్లు పెద్దల్ల కలుస్తరని మా ఇంట్ల నమ్మకం. దానికి ఎవర్ని పడితె వాళ్లను పిలిచేది లేదు. ఏ ఇంటికి ఆ ఇంటి ప్రధాన్ ఉంటడు, తండ్రి తర్వాత కొడుకు. మా ఇంటి ప్రధాన్లల్ల మిగిలింది ఒక్కడే. పేరు జైతు, గోదావరిఖనిల బొగ్గుగనిల పని చేసి రిటైరైండు. మంచం పట్టిన మా అవ్వ సమ్మవ్వ, "వానలు పడకముందే మీ తాతను కలుపుండ్రి, ఆ ముచ్చట చూసి నేను పోత" అన్నది. బుధవారం విందు. నేను బస్సెక్కింది సోమవారం. ఆయన వస్తడా రాడా, తేల్చుకోవాల్సింది అదొక్కటే.

ఓపెన్‌కాస్టు బొగ్గుగని రోడ్డు పక్కన, తాటిపత్రి కింద, నాలుగు బెంచీల హోటలు జన్నత్ బీది. "కీక్రి వాయించే జైతు కాక ఎవలు?" అని అడిగిన్నో లేదో బెంచీ బెంచంత నవ్వింది.

"వాయించుడు మేమెన్నడు చూడలె బిడ్డా," అన్నడు బిక్షం అనే పెద్దాయన. జైతు కాకతోటి ఒక్కటే గనిల ఇరవై ఎనిమిదేండ్లు చేసిండట. "చెప్పుడు మాత్రం ఇనే ఓపిక ఉండాలె."

మూలకు కూసున్న సన్నటాయన స్టూలు నా దిక్కు జరిపిండు. తెల్ల బనీను, కాళ్లకు కంపినీ బూట్లు. "ఎవలు బిడ్డా, పేపరోళ్లా? కాలేజా? కూసో. రాసుకుంటె రాసుకో."

నేను ఎవలింటి పిల్లనో అప్పుడే చెప్పాలె. చెప్పలె. కూసున్న.

"పెద్దపెద్ద మాటలు నాకు చాతగావు బిడ్డా," అని మొదలువెట్టిండు జైతు కాక. "ఎనభై తొమ్మిదిల, మా కాలనీ క్లబ్బుల పంక్షన్ నాడు, మైకు కరాబైంది. ఎనుక కూసున్నోళ్లు ఇనస్తలేదని లొల్లి. సరే అని నేను పొయ్యి కీక్రి తీసిన, ఒక్క గీత గీసిన. ఆఖరి వరుసల ఒక ముసలామె కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది. గంతే. నేను చేసింది గింతే."

"గంతే అయితె నమ్ముత జైతన్నా," అన్నడు బిక్షం. "ఇగ ఆడికే ఆపు."

"ఆపుదామనే అనుకున్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్లబ్బు కిందికెల్లే మా గని. మూడొందల మీటర్ల లోపట రెండో షిఫ్టు నడుస్తున్నది. గనిల పైకప్పు కూలేముందు చిట్లుతది బిడ్డా, టపటపమని, ఎండిన చింతబరిగె ఇరిసినట్టు. నేను టింబర్‌మన్‌ను, కప్పు కింద దిమ్మెలు నిలవెట్టుడే నా పని, నాకెరుకే. ఆ దినం గట్లనే చిట్లవట్టింది. డెబ్బై మంది లోపల. గప్పుడు నా పాట దిగింది. కప్పు చిట్లుడు ఆగింది. ఎందుకాగింది? ఇంటున్నది! నేనేమో పైన, నాకేం ఎరుక, పాట అయిపోయింది కమాను దించుదామని చూస్తున్న, మా షిఫ్టు మీది సర్దార్ ఉరికచ్చిండు, చెమటలు కారుకుంట, 'ఆపకు జైతూ, నీ కాళ్లు మొక్కుత, పాట ఆగితె కప్పు పడతది' అని. మూడు గంటలు. ఏలు తెగింది, నెత్తురు కారింది, ఆపలె. డెబ్బయ్యో మనిషి బయటికి కాలు పెట్టినంక కమాను దించిన. దించంగనే లోపల ధడేల్!"

"కాక," అన్నడు కరీం, చేతికి గ్రీజు అంటిన మెకానిక్ పిలగాడు, పెండ్లయి ఇద్దరు పిల్లలున్నా ఈళ్ల లెక్కల పిలగాడే. "మూడొందల మీటర్లు సప్పుడు ఎట్ల దిగుతది?"

"బొగ్గు పొర పట్టుకోని దిగుతది. నువ్వు పైన డంపర్ల కింద పండేటోనివి, భూమి లోపలి ముచ్చట నీకేం తెలుసు?"

అప్పుడే సైరన్ కూసింది. జన్నత్ బీ పాల గిన్నె మీద మూత పెట్టింది, అందరు చాయ్ గిలాసల మీద అరచేతులు పెట్టిండ్రు, నాకు తెల్వక నేను పెట్టలె. ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ అయింది. బెంచీ నా కిందనే ఒకసారి ఎగిరి దిగింది. నా చాయ్‌ల సన్నటి నల్ల దుమ్ము పడ్డది.

"ఈ సప్పుడు మంచిర్యాల దాక పోదు," అన్నడు జైతు కాక, గిలాస మీదికెల్లి చెయ్యి తీసి. "నా పాట ఏడిదాక పోయిందో తెలుసా? నేను ఆపిన గాని అది ఆగలె. భూమిల పడ్డది. కొత్తగూడెం గనులల్ల పనోళ్లు సబ్బళ్లు కింద పెట్టి నిలవడ్డరట, ఎవలో పెద్దమనిషి పోయినట్టున్నదని. ఆడికెల్లి సముద్రం కింది నుంచి పోయింది. పొయ్యి పొయ్యి, భూమికి ఆ కొసకు, మంచుదేశంల, ఒక ఇనుప గని గోడలకెల్లి బయటికి వచ్చింది. ఆడ ఒక ముసలాయన ఉన్నడు, నిల్లా అని. వాళ్ల జాతి పేరు సామి."

"ఏ సామి?" అన్నడు బిక్షం. "మాల ఏసుకునే సామా?"

"నవ్వకుర బయ్. మంచుల దుప్పులు కాసుకునే జాతి. గోండులు, మేము ఈ అడివిల ఎంత పాతోళ్లమో వాళ్లు ఆ మంచుల గంత పాతోళ్లు. నిల్లా కూడ కమానుతోటి వాయించేటోడే, మాలెక్కనే తాతముత్తాతల సందికెల్లి. మంచు మీద చెవి పెట్టి పండుకున్నడు. ఇన్నడు. లేసి, 'ఇది ఎవని చెయ్యి? వాన్ని నాకు చూపియ్యుండ్రి, లేకుంటె నేను బువ్వ ముట్ట' అని కూసున్నడు. ఆ దేశపు రాజుకు ఫికరైంది. విమానం పంపిండ్రు."

"పాస్‌పోర్టు?"

"కీక్రి చూపిచ్చిన. ముద్ర దాని మీదనే గుద్దిండ్రు."

"అయితె తే, ఆ ముద్ర చూస్త! ముప్పై ఏండ్ల సంది అడుగుతున్న, ఒక్కసారన్న ఆ కీక్రి మొఖం చూపియ్యలె."

"తీగెలు మార్పియ్యనీకి ఇచ్చిన."

"ముప్పై ఏండ్ల సంది తీగెలేనా భాయ్?" అన్నది జన్నత్ బీ, చాయ్ వడవోసుకుంట. మళ్ల నవ్వులు.

నేను నవ్వలె. ఆ కీక్రి ఎక్కడున్నదో నాకు ఎరుకే. మా ఇంట్ల, దూలానికి, పాత ధోతిల చుట్టి వేలాడుతున్నది. పదిహేడేండ్ల సంది. ఇప్పుడన్న చెప్పాలె అనుకున్న. చెప్పలె.

"మంచు అంటె ఏమనుకుంటున్నరు," అని అందుకున్నడు జైతు కాక. "ఉమ్మితె నేల మీద పడెవరకు గోలీ అయితది. ఎండకాలంల అయితె ఇంకో ఇచ్చిత్రం, ఆడ పొద్దు గుంకదు. నడి నెత్తి మీదికెల్లి పక్కకు జరుగుతది, మళ్ల లేస్తది, రెండు నెలలు గంతే. నిల్లా నన్ను చూసి ఒక్క మాట మాట్లాడలె. భాష ఏడిది మాట్లాడనీకి? కమాను తీసిండు. వాయించిండు. ఎట్ల వాయించిండు! ఎక్కడెక్కడి దుప్పులు, పదివేలు, మంచుల కొమ్ములు కొమ్ములు తాకిచ్చుకుంట వచ్చి మా సుట్టు నిలవడ్డయి. నిల్లా నా దిక్కు చూసిండు, ఇగ నీ వంతు అన్నట్టు. నేను ఏ పాట ఎత్తుకోవాలె? మా అయ్య పాట ఎత్తుకున్న, మనిషి పోయినంక వాయించేది. రెండు గీతలు గీసిన. దుప్పులు మోకాళ్ల మీద కూసున్నయి. మూడో గీతకు మబ్బులు దిగినయి. నాలుగో గీతకు, జన్నత్ బీ, నీ మీదొట్టు, గుంకని పొద్దు గుంకింది!"

"తౌబా, తౌబా," అన్నది జన్నత్ బీ. "సూరజ్ మీద కూడ కోతలేనా? బస్ కరో భాయ్, పాపం తగుల్తది."

"ఆ దేశపోళ్లు దీపాలు పెట్టుకున్నరు, ఎండకాలంల మొదటిసారి. నిల్లా లేసి వచ్చి నా చెయ్యి పట్టుకోని ఏడ్సిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తర్వాత ఏమైందో చెప్పకుండ జైతు కాక ఖాళీ గిలాసను బెంచీ మీద గుండ్రంగ తిప్పిండు. మళ్ల మాట్లాడినప్పుడు గొంతు కిందికి దిగింది. నా దిక్కు చూస్తలేడు, బిక్షం దిక్కు చూస్తలేడు.

"ఆ నిల్లా బతుకు చెప్త ఇనుండ్రి. మంద ఎనుక పోతాంటె గుడారంల పుట్టిండు. ఐదేండ్లకు అయ్య చేతిల వాయిద్యం పెట్టిండు, ఆడ దొరికే తెల్ల చెట్టు కర్ర, దుప్పి నరాల తీగెలు. వాళ్ల దిక్కు ప్రతి మనిషికి ఒక రాగం కడతరు. కుంటోని రాగం కుంటుతది, కోపిష్టోనిది ఎగిరి దుంకుతది. మనిషి పోయినా రాగం పోదు, ఎవలన్న అందుకుంటె ఆ మనిషి వాకిట్ల నిలవడ్డట్టే. నిల్లాకు మూడొందల మందివి నోటికి. కాయితం లేదు. ఇగ గుడి పెద్దలు వచ్చిండ్రు, ఇది సైతాను కర్ర, పొయ్యిల పెట్టుండ్రి అన్నరు. మస్తుమంది పెట్టిండ్రు కూడ. నిల్లా మంచుల గుంత తీసి దాసిండు, మంచు కరిగినంక తీసుకున్నడు, మళ్ల నడుసుడు మొదలువెట్టిండు. పెండ్లికి నడుసుడే, సావుకు నడుసుడే, మూడు దినాలు, నాలుగు దినాలు, ఒక్కో ఇంటికి. ఆ ఇండ్లోళ్లే ఆయనకు పొలం, ఆ ఇండ్లోళ్లే పంట.

"అటెనుక గుట్ట కింద ఇనుము దొరికింది. గని వచ్చింది. నిల్లాకు ఒక్కడే కొడుకు, వాడు గనిల చేరిండు. తప్పా? చెప్పుండ్రి. క్వార్టరు, కరెంటు, పిల్లలకు బడి, కంపినీ దవాఖాన. చిన్నప్పుడు వాడు కూడ కమాను పట్టిండు. మణికట్టు వంగకపోతుండె. వంగకపోతె అయ్య మణికట్టు మీద అదే కమానుతోటి కొడుతుండె. గనిల వాన్ని ఎవ్వడు కొట్టలె. మంచిగ చేస్తున్నవురా అన్నరు. వాడు దిమ్మె పెడితె కప్పు కూలదన్నరు. వాడు ఇగ మంచు దిక్కు చూడలె."

"మంచిగనే చేసిండు కదా," అన్నడు కరీం మెల్లగ.

"ముసలాయనకు మోకాళ్లు పోయినయి. మూడు గుట్టల అవతల ఒక ఇంట్ల పెద్దామె పోయింది, రమ్మని కబురొచ్చింది. కొడుకుండే క్వార్టరుకు వచ్చిండు ముసలాయన. లోపలికి రాలె, గేటు కాడ్నే నిలవడ్డడు. 'నాలుగొద్దులు లీవు పెట్టు బిడ్డా, తోడు రా. వాయించేది నేనే, నువ్వు ఉత్తగ మోసుకరా' అన్నడు. 'డ్యూటీ ఉన్నది' అన్నడు వాడు. డ్యూటీ లేకుండె. వాడు ఆ దినం ఇంట్ల పండుకున్నడు, ఫ్యాన్ ఏసుకోని. తోవల ఎవలన్న చూస్తె, టింబర్‌మన్ సంకల కీక్రి పెట్టుకోని అడుక్కతినేటోని లెక్క పోతున్నడు అంటరని. గదీ వాని బాధ. ముసలాయన సరే అన్నడు. ఒక్కడే పోయిండు. మంచుల, మోకాలి లోతు. చీకటయ్యేవరకు ఆ గూడెం దాక వచ్చిండు, ఇండ్ల మీద పొగ కనవడుతున్నది, గంత దగ్గర. ఇగ కాళ్లు రాలె. చెట్టు కింద కూసున్నడు. కీక్రి ఒడిల పెట్టుకున్నడు. తెల్లారి ఆ ఇంటోళ్లు వచ్చి చూసిండ్రట. కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. తల మీద, భుజాల మీద, కీక్రి మీద, ఒళ్లంత ఇప్పపువ్వు రాలి ఉన్నది. తెల్లగ. ఎవ్వలు దులపలె."

ఇక్కడ నేను ఊకుంటె అయిపోతుండె.

"కాక," అన్న, "మంచుదేశంల ఇప్పచెట్టు ఉంటదా?"

బిక్షం తొడ చరిసిండు. "దొరికిండు! ఇన్నేండ్లకు ఒక ఆడిపిల్ల చేతిల దొరికిండు! మంచుల ఇప్పపువ్వు, కరీమూ, ఇన్నవా!" కరీం నవ్వబోయిండు. జైతు కాక మొఖం చూసి ఇద్దరూ ఒక్కసారే ఆగిండ్రు.

నేను ఆగలె. "ఎవ్వలు దులపలె అన్నది కూడ నిజం కాదు కాక. మా తాత దులిపిండు. చేతితోటి కొట్టి కాదు, ఒక్కొక్క పువ్వు ఏరి. నాకు ఎనిమిదేండ్లు, పక్కకే ఉన్న. మీ పాలోళ్లు బండి కట్టుకోని వచ్చి తీసుకపోయిండ్రు. కొడుకు రాలె. 'కీక్రి మాత్రం వాని కొడుకు చేతికే ఇస్త' అని మా తాత ఉంచిండు. పోయేదాక తోవ చూసిండు."

జైతు కాక లేసి నిలవడ్డడు. పోతడేమో అనుకున్న. మళ్ల కూసున్నడు.

"భీము మనుమరాలివా?"

"అవును. యమునను."

"భీము..."

"పోయి రెండేండ్లు. ఎల్లుండి బుధవారం విందు. నిన్ను తీసుకపోనీకి వచ్చిన."

రోడ్డు మీద బొగ్గు లారీలు వరుసగ పోతున్నయి. జైతు కాక తన రెండు అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకోని వాటినే చూసిండు. "నాకు రాదు బిడ్డా," అన్నడు. బిక్షం ఇంటున్నడు, కరీం ఇంటున్నడు, అయినా గొంతు తగ్గియ్యలె. "వాయించుడు ఎన్నడు రాలె. క్లబ్బుల మైకు కరాబైన నాడు కూడ నేను కుర్చీలు ఏసిన. ఎవలో పాడిండ్రు, ఆ ముసలామె ఏడ్సింది, నేను చూసిన. గంతే. నేనొచ్చి ఏం చెయ్యాలె? మీ తాత విందుల కుక్క అరిసినట్టు చేయిమంటవా? ఇంకెవన్నన్న పిలుసుకోండ్రి."

"ఇంకెవలు వస్తె కాదు కాక."

"నాకు రాదంటున్న కదా!"

అప్పుడు చెప్పిన, అవ్వ చెప్పి పంపిన మాట. "నీకు రాదని అవ్వకు తెలుసు. మీ అయ్యనే చెప్పిండట, ఎప్పుడో. 'పాట నేను పాడుత, నాకు నోటికి ఉన్నది. కమాను మాత్రం ఆ ఇంటి చెయ్యి పట్టాలె. ఒక్కసారి గీస్తె చాలు' అన్నది."

ఇదీ నేను ఒప్పుకోవాల్సింది. ఈ మాట సోమవారం పొద్దుగాల బస్సెక్కినప్పటి సందే నా దగ్గర ఉన్నది. స్టూలు జరిపి కూసో అన్నప్పుడే చెప్పి ఉంటె, ఆయన మైకు ముచ్చట దగ్గర్నే ఆగేటోడు, ముప్పై ఏండ్లు తోడున్నోళ్ల ముందట బట్టలిప్పి నిలవడాల్సిన పని లేకుండె. నేను కావాలనే ఆపలె. నిల్లా కొడుకు గనిల చేరిండు అన్నప్పుడే నాకు సమజైంది ఎవరి కథ నడుస్తున్నదో. కానియ్యి, ఎంతదాక పోతవో పో అనుకున్న. ఎనిమిదేండ్లప్పుడు చూసిన ఆ ముసలాయన మొఖం నాకు ఇంకా యాదికున్నది, దాని కసి ఈయన మీద తీర్చుకున్న. ఆయన తనకు తానే ఒప్పుకుంటున్నడని, ఒప్పుకోనీకి భూమి ఆ కొసదాక పోవాల్సి వచ్చిందని, అడిగినంక గాని నాకు తట్టలె.

జన్నత్ బీ వచ్చి ఆయన ముందటి ఖాళీ గిలాస తీసుకోని నిండింది పెట్టింది. "జావ్ భాయ్," అన్నది. "ఒక్కసారే కదా అంటున్నది."

జైతు కాక చాయ్ ముట్టలె. "బస్సు దిగినంక ఎంత దూరం?" అని అడిగిండు.

"ఆటో ఉంటది కాక."

"ఆటో వద్దు. ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లు."

"నడుస్త," అన్నడు.

నడిసిండు. ఆరు కిలోమీటర్లు. ఎండకు తల మీద తువ్వాల ఏసుకోని నా ముందట నడిసిండు. వాళ్లయ్య కూసున్న ఇప్పచెట్టు వచ్చినంక, ఇదే అని నేను చెప్పకముందే, బూట్లు ఇప్పి చేతుల పట్టుకున్నడు. కాలుతున్న నేల మీద అట్లనే గూడెంలకు వచ్చిండు.

మా చిన్నాయన కీక్రికి కొత్త తీగెలు కట్టిచ్చి ఉంచిండు. జైతు కాక దాన్ని తిరగేసి పట్టుకున్నడు, మంచం మీదికెల్లే అవ్వ చెయ్యి చాపి సరిగ తిప్పింది. కమాను తీగె మీద పెట్టిచ్చింది. ఆయన మణికట్టు వంగలె. గీసిండు. గరగరమని ఒక సప్పుడు వచ్చింది. ఏ చెట్టు కదల్లె. నీడకు పండుకున్న కుక్క ఒకటి లేసి అవతలికి పోయింది. ఎవరూ నవ్వలె. ఆ గరగరలకెల్లే శ్రుతి అందుకోని అవ్వ పాట ఎత్తుకున్నది. పండ్లు లేని నోరు, పొద్దు వాలేదాక పాడింది. జైతు కాక కీక్రి ఒడిల పెట్టుకోని కదలకుండ కూసున్నడు. పాట అయినంక అవ్వ మా దిక్కు చూసి, "కలిసిండు," అన్నది.

శుక్రవారం ఆయనను నేనే గోదావరిఖని తీసుకపోయిన. బస్సు దిగి ఇంటికి పోతడనుకుంటె హోటల్ దిక్కు నడిసిండు. సంకల ధోతిల చుట్టిన కీక్రి, రోడ్డంత చూస్తనే ఉన్నది. బిక్షం, కరీం బెంచీ మీదనే ఉన్నరు. బిక్షం కీక్రిని చూసిండు, చెయ్యి చాపిండు, ముట్టకుండ ఎనుకకు తీసుకున్నడు.

"వాయించినవా జైతన్నా?"

జైతు కాక కూసున్నడు. నేను ఆయన నోటి దిక్కు చూసిన. ఏదన్న చెప్పనియ్యి, గుట్టలు కదిలినయని చెప్పినా సరే, ఈసారి ఒక్క మాట కూడ అడ్డం రావద్దని గట్టిగ అనుకున్న.

"ఒక్కసారి గీసిన," అన్నడు. "మంచిగ రాలె."